నేరేడు ఆకాశపు శరభం

పెడనలో భావన్నారాయణ మాట నమ్మే మనిషి ఒక్కడుండేవాడు. వాడూ ఏలూరుకి కాపురం మార్చేశాడు.

తప్పు ఊరిది కాదు. ఆ మధ్య ఒక వేసవిలో, అద్దకం రంగునీళ్ళు తాగి కాలువ చేపలకి పూలూ లతలూ పుట్టుకొచ్చాయనీ, చేపని నిలువునా కోస్తే లోపల జానెడు కలంకారీ బొమ్మ కనబడుతోందనీ ఆయన రిక్షాకి మైకు కట్టించి మరీ చాటించాడు. సగం ఊరు గంపలు పట్టుకుని గట్టు మీదికి చేరింది. మిగతా సగం ఊరు ఈ సగాన్ని చూసి నవ్వడానికి చేరింది. అప్పట్నుంచీ భావన్న “వానొస్తోంది, బట్టలు తీసుకోండర్రా” అని అరిస్తే, జనం ఇంట్లో ఉన్న తడిబట్టలు కూడా తెచ్చి ఆరేసేవారు.

చదువు ఏడో తరగతి, అదీ సగం. “నాకు లెక్కలు రావని మేస్టారూ, మేస్టారికి కథలు రావని నేనూ ఒకళ్ళనొకళ్ళం వదిలేసుకున్నాం” అనేవాడు. చేతిలో పని మాత్రం ఉంది. టేకు అచ్చు బట్ట మీద ఆనించి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే లత వెళ్ళి లతకి అతుక్కునేది, అతుకెక్కడో ఆయన పెళ్ళానిక్కూడా దొరికేది కాదు. ఆవిడ దొరకబుచ్చుకోని తప్పు ఆయన జీవితం మొత్తం మీద అదొక్కటే.

ఆయన అద్దకం షెడ్డులో సగం ఇప్పుడు ప్రయోగశాల. అక్క కూతురు సువర్చల హైదరాబాదులో నాచు మీద పెద్ద చదువు చదివి వచ్చి, ఆ సగంలో గాజు సీసాలూ, చిన్న అచ్చు యంత్రమూ పెట్టుకుంది. ఇటు పక్క కరక్కాయ వాసన, అటు పక్క మురిగిన చెరువు వాసన. మధ్యలో గోనెపట్టా కట్టి ఉండేది గానీ వాసనకి పట్టా ఏం అడ్డం?

ఒకరోజు సువర్చల పట్టా పక్కకి తోసి ఇటొచ్చింది.

“చెయ్యి చాపు మామయ్యా.”

“జాతకమా? పెళ్ళిగీత చూడమాకు. ఒకటే ఉంది, అదే ఎక్కువైంది.”

అరచేతిలో పేకముక్కంత కార్డు పెట్టింది. దాని మీద శరభం బొమ్మ. సింహం ఒళ్ళు, ఎనిమిది కాళ్ళు, రెండు రెక్కలు, కోరలు తెరిచిన నోరు. శరభం వెనకాల కొండలు, కొండల వెనకాల ఆకాశం. బొమ్మకి రంగులున్నాయిగానీ ఆకాశం మాత్రం ఉతికిన పంచెలా తెల్లగా ఉంది.

“ఇది జేబులో ఉంచుకో. రోజూ కాసేపు చేత్తో పట్టుకో. అంతే పని.”

ఇంత తేలిక పని ఆయనకి పుట్టి ఎవరూ చెప్పలేదు. శ్రద్ధగా చేశాడు. వారం తిరిగేసరికి ఆకాశానికి రంగొచ్చింది, మాడిన పసుపురంగు.

“ఇదేంటే అమ్మడూ, మీ అత్త కాచిన చారులా ఉంది?”

“నీ చెమటలో ఏముంటే అదే వస్తది. ఆకాశంలో ఉన్నది రంగు కాదు మామయ్యా, నాచు. బతికున్న నాచు. పైన పల్చటి పొర వేశా. చెమటలో ఉప్పూ పులుపూ అందులోంచి దిగితే అది తిని, తిన్నదానికి తగ్గ రంగు పెడతది. కడుపు నిండాక చచ్చిపోద్ది, రంగు నిలబడిపోద్ది. తరవాత ఎవరు పట్టుకున్నా ఇక మారదు.”

“అంటే మొదట పట్టినోడి బతుకు బొమ్మెక్కి కూచుంటదన్నమాట.” కార్డు దూరంగా పెట్టి చూసుకున్నాడు. “నా బతుకు చారైపోయింది.”

బెజవాడలో పిల్లల ఆటవస్తువులు చేసే కంపెనీ ఒకటి ఆ కార్డుల్ని ఎగరేసుకుపోయింది. ‘ఆకాశ మృగాలు’ అని పేరు పెట్టింది. శరభం, యాళి, మకరం, గండభేరుండం. ఒక్కో పొట్లంలో తెల్లాకాశంతో నాలుగు కార్డులు. ఏ పిల్ల చేతిలో ఏ ఆకాశం విప్పుకుంటుందో కొన్నవాడికీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. అదే సరదా.

కార్డు వెనక వైపు ఆ మృగం పుట్టుపూర్వోత్తరాలు నాలుగు ముక్కల్లో రాయాలి. కంపెనీవాడు పంపినవి చదివితే శరభానికే నిద్రొచ్చేలా ఉన్నాయి. సువర్చల వాటిని భావన్న ముందు పడేసింది. ఆయన పేదవాడికి ముత్యాల మూట దొరికినట్టు సంబరపడిపోయి, బీడీ వెలిగించి, తోచింది తోచినట్టు చెప్పుకుపోయాడు. ఆవిడ రాసుకుంది. యాళి అబద్ధం వింటే తుమ్ముతుంది. మకరం ఆదివారం నాడు నీళ్ళు తాగదు. శరభం దగ్గరికి వచ్చేసరికి ఇలా అన్నాడు:

“శరభం ఏ చేతిలోంచి ఏ చేతికి వచ్చిందో ఎవ్వరికీ చెప్పకూడదు. చెబితే, ఆ పూటే దాని ఆకాశం చచ్చిపోతుంది.”

“ఇదెందుకు మామయ్యా?”

“పిల్లలు మార్చుకుంటారు గదే. ఎవడు ఎవణ్ణి ముంచాడో తల్లులకి తెలిస్తే ఇంక ఆటేముంటది? పోలీసు కేసు అయిపోదూ!”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట లక్షల కార్డుల వెనక అచ్చయిపోయింది.

పిల్లలకి పిచ్చెక్కింది. బడిగంట కొట్టగానే గోడవారన చేరి ఆకాశాలు బేరమాడుకునేవారు. నీలాలూ ఆకుపచ్చలూ ఎవరి దగ్గర చూసినా ఉండేవి. గులాబీ కావాలంటే కాస్త వెతకాలి. నేరేడుపండు రంగు మాత్రం ఎక్కడో ఒకటి. పెడన మొత్తానికీ ఒక్కటే తేలింది, అద్దకంవాళ్ళ వీధిలో జస్వంత్ దగ్గర. వాడు దాన్ని లాగు లోపలి జేబులో పెట్టుకుని, చూపించమంటే గోరంత అంచు మాత్రం చూపించేవాడు. మిగతా పిల్లలు తమ కార్డులకి బెల్లం రుద్దారు, మామిడితాండ్ర రుద్దారు, ఒకడు నేరేడుపండే నలిపి పూశాడు. చీమలు పట్టాయిగానీ రంగు పట్టలేదు.

కంపెనీవాళ్ళు ఫోను చేశారు. “మేడమ్, ఆ రంగు ఎలా వస్తుందో కనుక్కోండి. అందరికీ రావాలని కాదు, మాకు కావలసినప్పుడు రావాలి.”

సువర్చల జస్వంత్‌ని బతిమాలుకుంది. వాడు కార్డు చెయ్యి జారనివ్వకుండా, పక్కనే నిలబడి, మూలనుంచి సూదిమొనంత గీకనిచ్చాడు. అందుకు రెండు గండభేరుండాలు వసూలు చేశాడు. ఆవిడ ఆ గీకుడు పట్టుకుని పట్టా అవతల కూచుంది. సీసాల్లో తెల్ల నాచు పోసి, ఒక దాంట్లో ఉప్పు, ఒక దాంట్లో చక్కెర, ఇంకోదాంట్లో ఇంకోటి, ఇలా కలుపుతూ, చూస్తూ, పారబోస్తూ ఉంది. ఇవతల భావన్న దుప్పట్లకి నెమళ్ళు అద్దుతున్నాడు.

ఒక మధ్యాహ్నం పట్టా పక్కకి జరిగింది.

“మామయ్యా, అచ్చు దించు.”

“నెమలికి తోక పెట్టి దించుతా. తోకలేకపోతే కోడనుకుంటారు.”

“దించు మామయ్యా.”

ఆ గొంతు విని దించాడు. చేతిలో సీసా ఉంది, అందులో నీళ్ళు ముదురు నేరేడు రంగు.

“దొరికిందా! ఇంకేం, బెజవాడవాడు నీకు విగ్రహం కట్టిస్తాడు.”

“చక్కెర వేస్తే గులాబీ వచ్చింది. ఎంత వేసినా గులాబీయే. చక్కెరతో పాటు ఇంకో పులుపు వేస్తే ఇదొచ్చింది. తిన్న తిండి ఒంటికి పట్టక, ఒంట్లో కొవ్వే కరిగి రక్తం పులుస్తదే, అప్పుడు పుట్టే పులుపు.”

“చక్కెర జబ్బా? మా అన్నకి ఎప్పట్నుంచో ఉంది. శుభ్రంగా మైసూర్‌పాక్ తింటున్నాడు.”

“పెద్దాళ్ళది వేరు. పసిపిల్లలకి వచ్చేది వేరే. వాళ్ళకి ఇంజక్షను పడాల్సిందే. పడకపోతే నెలా రెండు నెలల్లో చిక్కి శల్యమై స్పృహ తప్పి పడిపోతారు. తరవాత...”

ఆవిడ సీసాకి మూత బిగించింది.

“జస్వంత్‌గాడు!” అన్నాడు. అంతే, రంగు చేతులతోనే పరిగెత్తాడు.

జస్వంత్ వీధిలో గోలీలాడుతూ దొరికాడు. వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం తీసి, సువర్చల తెచ్చిన చిన్న మిషనులో పెట్టారు. వాడి చక్కెర లక్షణంగా ఉంది. వాడి తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుని మెట్ల మీద కూలబడింది. సువర్చల కూలబడలేదు. మొదట పట్టిన చెయ్యి వీడిది కాకపోతే మరింకెవరిది?

“ఈ కార్డు ఎవరిచ్చార్రా నాన్నా?”

జస్వంత్ పెదాలు బిగించాడు.

“చెప్పరా. ఆ పిల్లో పిల్లాడో ఎవరోగానీ ఒంట్లో బాలేదు. చెప్తే మందు ఇప్పిస్తాం.”

“చెప్తే ఆకాశం చచ్చిపోద్ది.”

భావన్న పకపకా నవ్వబోయి ఆగాడు. “ఒరే, అది నేను రాసిందేరా. ఉత్తిదే. బీడీ కాల్చుకుంటా తోచింది చెప్పాను.”

వాడు ఆయన్ని పైకీ కిందకీ చూశాడు. “నువ్వన్నీ అబద్ధాలే చెప్తావని మా అమ్మ చెప్పింది. ఇదీ అబద్ధమే. నా కార్డు కొట్టేద్దామనీ.”

“నిజంరా, అది అబద్ధమని నేను చెప్పేది నిజం!”

“చూడమ్మా, మళ్ళీ మొదలెట్టాడు” అన్నాడు వాడు.

తల్లి నాలుగు తగిలించింది. దెబ్బలకి వాడు నోరు విప్పాడు, వెనకవీధి మోహన్‌కుమార్ పేరు చెప్పాడు. ఇద్దరూ అక్కడికి పరిగెత్తారు. మోహన్‌కుమార్ రాయిలా ఉన్నాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ అడిగితే, మళ్ళీ దెబ్బలు తిని మళ్ళీ ఒక పేరు. ఆ పిల్లా బాగానే ఉంది. దెబ్బకో పేరు రాలుతోందిగానీ అసలు పేరు రాలడం లేదు. జస్వంత్ లెక్కలో వాడు ధర్మం తప్పలేదు. అబద్ధం పేరు చెబితే ఆకాశానికి ఏమీ కాదు కదా.

సువర్చల బడికి వెళ్ళి పిల్లలందర్నీ కూచోబెట్టి అడిగింది. ఎవరికైనా మరీ దాహం వేస్తోందా, మాటిమాటికీ ఒంటికి పోవాల్సి వస్తోందా, చిక్కిపోయారా? ఆవిడ పక్కన సూదుల డబ్బా కనపడుతూనే ఉంది. ఒక్క చెయ్యి లేవలేదు. తల్లులకి కబురు పెడితే, “భావన్న మేనకోడలే కదా? మొన్న చేపలు, ఇవాళ చెమటా? వచ్చే ఏడాది ఏం చెప్తారో?” అని నవ్వి తలుపులేసుకున్నారు. పైగా జస్వంత్‌కి ఆ కార్డు పెడనలోనే దొరికిందో, బందరు తీర్థంలో దొరికిందో ఎవరికి తెలుసు?

రోజులు పోతున్నాయి. భావన్నకి అన్నం సహించడం మానేసింది. మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు చూస్తుంటే పెళ్ళాం కంగారుపడి, ఈయన ఊరికే ఉండటం కంటే ఎవరినైనా ఏడిపిస్తేనే నయమనుకుంది.

ఒకరోజు పొద్దున్నే పట్టా పక్కకి తోసి అటెళ్ళాడు.

“అమ్మడూ, నీ మిషను మీద ఇంకో గండభేరుండం అచ్చెయ్యగలవా? రెండు మూడు చాలు. వెనకాల కథ మారుద్దాం.”

“ఏం కథ?”

“రెండు తలల పక్షి గదా. శరభం చరిత్ర దీనికొక్కదానికే చెప్పుకోవచ్చు. ఒక నోరు మింగుద్ది, రెండో నోరు కాపలా కాస్తది. చెప్పినోడి శరభం ఆకాశం రెండింతలు మెరుస్తది. అయితే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, అద్దకం బట్టలు ఆరేసిన చోట, తూర్పు తిరిగి, కార్డు చెవిలో చెప్పాల. ఒంటరిగా.”

సువర్చల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “మళ్ళీ అబద్ధమా మామయ్యా? ఒకదానితో ఇంత అయింది, చాలదా?”

“తాళం వేసింది అబద్ధం. నిజం తీసుకెళ్ళి ఎంత తిప్పినా ఆ తాళం రావట్లేదే. నాకు మాత్రం సరదానా?”

ఆవిడ యంత్రం మీది గుడ్డ తీసింది.

భావన్న చేత్తో ఇస్తే ఆ కార్డుకి విలువుండదు. పొట్లంలోంచి రావాలి. షరీఫ్ భాయ్ బడ్డీకొట్టు దగ్గర సంగతంతా చెబితే ఆయన గడ్డం గోక్కుని, “నిజంగానే పిల్లోళ్ళ ప్రాణం సంగతా? నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు” అన్నాడు. చెప్పించుకున్నాక కూడా, “నా తలే ఎందుకు పెట్టాను” అని సణిగాడు. అయినా జస్వంత్ వచ్చేసరికి ఆ పొట్లమే పైకి తీసిపెట్టాడు.

కాలువగట్టు పక్కన గడ్డి మీద దుప్పట్లు బారులుగా పరిచి ఉన్నాయి. వరసగా రెండ్రోజుల సెలవులో మొదటిరోజు, మిట్టమధ్యాహ్నం. గట్టు మొత్తం మీద మనిషి జాడ లేదు. నెమళ్ళ దుప్పటి ఒకటి మధ్యలో కాస్త ఎత్తుగా ఉందిగానీ, దగ్గరికి వస్తే తప్ప తెలియదు. దాని కింద భావన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తడిబట్ట మొహానికి అతుక్కుపోయి పటిక వాసన ముక్కులోకి పోతోంది. కిందనుంచి గండుచీమలు ఎక్కుతున్నాయి. జీవితంలో ఎంతోమందిని బుట్టలో పెట్టాడుగానీ ఇంత కష్టపడి ఎవర్నీ పెట్టలేదు.

చెప్పుల చప్పుడైంది. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. తూర్పు ఎటో వాడు తేల్చుకుంటున్నాడు కాబోలు.

“గండభేరుండం, గండభేరుండం” అంది జస్వంత్ గొంతు. “నా శరభం లోహిత ఇచ్చింది. దానికి నా సైకిలు వారం రోజులు ఇచ్చాను. ఇంకెవరికీ చెప్పమాకు.”

చెప్పులు పరిగెత్తాయి.

లోహిత రైల్వే స్టేషను దగ్గర టైలరు కూతురు. భావన్న ఆ పిల్ల ఇంటికే వెళ్ళిపోదామని లేచి, మళ్ళీ ఆగాడు. వెళితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. దెబ్బలూ దొంగపేర్లూ. షరీఫ్ భాయ్ ఇంకో పొట్లం పైకి తీశాడు. మర్నాడు అదే వేళకి భావన్న అదే దుప్పటి కింద దూరాడు.

ఈసారి చెప్పుల చప్పుడు నెమ్మదిగా వచ్చింది. ఆ పిల్ల దుప్పటికి మరీ దగ్గరగా నిలబడింది. నీడ ఆయన మొహం మీద పడింది.

“గండభేరుండం, నీకొక్కదానికే. అది కుసుమది. పునుగులబండి నాంచారమ్మత్త కూతురు కుసుమ. నా పెద్ద నీళ్ళసీసా ఇచ్చి తీసుకున్నా.” కాస్త ఆగింది. “నేను అడగలేదు. అదే ఇస్తానంది. దానికెప్పుడూ దాహమే. క్లాసులో నీళ్ళకి పంపరని ఏడుస్తా ఉంటది. సీసా ఇస్తే కార్డిచ్చేస్తానంది. పిచ్చిది కదా? ఇప్పుడు బడిక్కూడా రావట్లేదు. నేను మోసం చేసినట్టా?”

దుప్పటి లేచి నిలబడింది.

నెమళ్ళన్నీ ఒక్కసారి గాల్లోకి లేవడమూ, వాటి కిందనుంచి ఎర్రటి మొహం బయటికి రావడమూ చూసి లోహిత పెట్టిన కేక గూడూరు దాకా వినపడి ఉంటుంది. “గండభేరుండం!” అంటూ కార్డు అక్కడే పడేసి పారిపోయింది. భావన్న ఇటు పక్కకి, స్టేషను వైపు పరిగెత్తాడు. దుప్పటి సగం దూరం ఆయనతో వచ్చి తుమ్మకంపకి తగులుకుంది.

రైల్వే గేటు దగ్గర నాంచారమ్మ మూకుట్లో పునుగులు వేస్తోంది. ఒళ్ళంతా రంగు కారుతూ వస్తున్న మనిషిని చూసి జల్లిగరిటె పైకెత్తింది.

“ఏం బాబాయ్, ఇవాళ ఏం వేషం?”

“కుసుమేదే?”

“ఇంట్లో పడుకుంది. వడదెబ్బ. పొద్దుట్నుంచీ వాంతులు. ఏం?”

“పదవే, బందరు ఆసుపత్రికి పదవే. అది వడదెబ్బ కాదు, చక్కెర జబ్బు. దాని రక్తం పులిసిపోతోంది.”

బండి చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నాంచారమ్మ నవ్వలేదుగానీ గరిటె మళ్ళీ మూకుట్లో పెట్టింది. “ఎనిమిదేళ్ళ పిల్లకి చక్కెర జబ్బా? నీకు దణ్ణం పెడతా బాబాయ్, పో. చేపలకని ఆ రోజు బండి కట్టేసి వచ్చా నేను. ఆ నష్టమే ఇంకా తేరుకోలా.”

చెప్పడానికి ఆయన దగ్గర ఇంకో మాట లేదు. ఉన్న మాటలన్నీ ఇన్నేళ్ళుగా ఖర్చు పెట్టేశాడు. చుట్టూ చూశాడు, బండి వెనక రేకుల గదిలోకి దూరాడు. చాప మీద కుసుమ ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన పెద్ద నీళ్ళసీసా ఖాళీగా దొర్లుతోంది. దగ్గరికి వంగితే ఆ పిల్ల ఊపిరి మగ్గిన పండు వాసన వేస్తోంది. కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. ఎత్తుకుంటే ఎండుకట్టెలా తేలిగ్గా ఉంది.

భుజాన వేసుకుని బయటపడ్డాడు.

“ఓరి నీ ఎకసెక్కాలు తగలెయ్య, నా బిడ్డ మీదా! దింపవయ్యో! పట్టుకోండయ్యా!” నాంచారమ్మ మూకుడు వదిలేసి గరిటెతోనే వెనక పడింది. ఆయన గేటు దాటాడు. ఆవిడా దాటింది. ఎదురొచ్చిన ఆటోలో పిల్లతో సహా దూరి, “బందరు! పెద్దాసుపత్రి! పోనీరా!” అని అరిచాడు. కదులుతున్న ఆటోలోకి ఆవిడ ఎక్కింది. ఆసుపత్రి దాకా ఆవిడ ఆయన్ని జల్లిగరిటెతో కొడుతూనే ఉంది. ఆయన అడ్డం పెట్టుకోలేదు. పిల్ల తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, “కొట్టవే, దిగమాకు. కొడతానే ఉండు” అన్నాడు. దారి మధ్యలో ఆటోవాడి ఫోనులోంచి వాడిచేతే సువర్చలకి కబురు చెప్పించాడు.

డాక్టరమ్మ కుసుమ వేలి మీద చుక్క తీసింది. మిషను అంకె చూపించలేదు. తన లెక్కకి అందనంత ఉందని మాత్రం చూపించింది. సెలైను పెట్టారు, మందు ఎక్కించారు, పిల్లని లోపలికి తోసుకెళ్ళిపోయారు. సువర్చల స్కూటరు మీద వచ్చి డాక్టరమ్మతో లోపలికి వెళ్ళింది. బయట బల్ల మీద నాంచారమ్మ కూచుంది, చేతిలో గరిటె అలాగే ఉంది. భావన్న రంగు మొహాన్ని పంచెతో తుడుచుకోబోతే పంచె కూడా ఎర్రబడింది.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. “బతుకుద్దమ్మా. రేపు తెచ్చుంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని. ఇంక రోజూ ఇంజక్షను చేసుకోవాలి. జీవితాంతం. నేర్పిస్తాం.”

నాంచారమ్మ “ఊఁ” అంది. భావన్న వైపు తిరిగి, ఆయన భుజం మీద తేలిన గరిటె అచ్చుల్ని చూసింది. చెంగు నోట్లో కుక్కుకుంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. సువర్చల ఆగనివ్వలేదు. కంపెనీకి ఫోను చేసి, ఎక్కడెక్కడ నేరేడు ఆకాశాలు వచ్చాయో ఆ పిల్లలందర్నీ వెతకాలంది. అవతలివాడు కాసేపు ఆలోచించి, “అయితే మేడమ్, ఆ రంగు మనం అనుకున్నదానికంటే ఇంకా అరుదన్నమాట” అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసి, మామయ్యని వెంటేసుకుని తనే బయల్దేరింది. గండభేరుండం కార్డులు అచ్చేసుకుని ఊరూరా బడ్డీకొట్లలో పెట్టారు. భావన్న ఊరూరా గట్లమీదా, పొలాల్లోనూ దుప్పట్ల కింద పడుకున్నాడు. తెనాలిలో ఒక కుర్రాడు దొరికాడు. నూజివీడులో ఒక పాప దొరికింది, అప్పటికే ఆసుపత్రిలో ఉంది, కోలుకుంది. కైకలూరులో ఇల్లు దొరికింది. ఆ ఇంట్లో తల్లి వాళ్ళని కూచోమని, మంచినీళ్ళిచ్చి, “మా వాడు వేసవిలోనే పోయాడమ్మా. కామెర్లన్నారు” అంది. గోడకి తగిలించిన పిల్లాడి ఫొటో చట్రంలో, అద్దానికీ చెక్కకీ మధ్య, శరభం కార్డు దోపి ఉంది. వాళ్ళమ్మకి ఆ రంగు బాగా నచ్చిందట.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భావన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కండక్టరు ఆయన్ని ఎరుగున్నవాడే. “ఏం గురూ, ఒంట్లో బాలేదా?” అన్నాడు.

ఆ నెలలోనే సువర్చల నాచు ఇవ్వడం మానేసింది. కంపెనీ కోర్టుకి వెళతానంది, వెళ్ళింది కూడా. ఆ వ్యాజ్యం ఇంకా నడుస్తోంది. కార్డులు మామూలు రంగులతో వస్తున్నాయి, పిల్లలు వాటిని ముట్టుకోవడం లేదు. ఆవిడ అదే నాచుతో చేతికి చుట్టుకునే పట్టీ చేసి ఆసుపత్రులకి ఇస్తోంది. దాని మీద మృగమూ లేదు, కథా లేదు. పిల్లలు కట్టించుకోమంటే ఏడుస్తున్నారు.

మిగిలిపోయిన తెల్లాకాశం కార్డుల్లోంచి ఒక శరభాన్ని భావన్న కుసుమకి ఇచ్చాడు. అప్పటికి ఆ పిల్ల కాస్త ఒళ్ళు చేసి బడికి పోతోంది. పొద్దునా సాయంత్రం వాళ్ళమ్మే ఇంజక్షను చేస్తోంది, పునుగుల పిండి అంటిన చెయ్యి శుభ్రంగా కడుక్కుని.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆయన బండి దగ్గర నిలబడి పునుగులు తింటుంటే కుసుమ వచ్చింది. మొహం మాడ్చుకుని కార్డు బల్ల మీద పడేసింది. శరభం వెనక కొండలు, కొండల వెనక నీలం. ఎండాకాలం పొద్దున ఎవరింటి మీద చూసినా కనపడే నీలం.

“చూడు తాతా, ఏమొచ్చిందో! ఇది క్లాసులో అందరి దగ్గరా ఉంది. ఇంతకుముందు నాకు నేరేడు వచ్చింది. ఇప్పుడిదా?”

భావన్న నోట్లో పునుగు అలాగే ఉంది. నీలానికి ఒక కథ అల్లడం ఆయనకి చిటికెలో పని. అల్లితే రేపు పొద్దుటికి పెడనలో పిల్లలందరూ నీలాల కోసం కొట్టుకుంటారు. నాలుక చివరిదాకా వచ్చిందాన్ని పునుగుతో పాటు మింగేశాడు.

“అవునమ్మా” అన్నాడు. “అందరికీ వచ్చేదే.”

“ఎవరైనా మార్చుకుంటారా?”

“ఎవరూ మార్చుకోరు.”

“అయితే దండగ” అని కుసుమ దాన్ని మూకుడు కింద మంటలోకి విసరబోయింది.

నాంచారమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. కార్డు తీసుకుని, నూనె చెయ్యి తగలకుండా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసింది. రవికలోంచి డబ్బుల సంచీ తీసింది. నోట్లన్నీ బయటికి లాగి గల్లాపెట్టెలో పడేసి, ఖాళీ సంచీలో ఆ కార్డు పెట్టి, మళ్ళీ రవికలో దోపుకుంది.

“నాక్కావాలే” అంది. “ఎవరికీ అక్కర్లేనిదే నాక్కావాలి.”